విదేశాల్లో తిరుగుతూ వాలంటీర్ పని: నిజంగా పనికొచ్చేది ఎలా వెతుక్కోవాలి?

మబ్బుదారి
అందరికీ నమస్కారం. వచ్చే ఏడాది ఉద్యోగానికి విరామం ఇచ్చి నాలుగైదు నెలలు తిరుగుదామనుకుంటున్నాను. కొంత యూరప్, కొంత ఆగ్నేయాసియా. ఊళ్లు చూసి ఫొటోలు దిగి రావడంతో సరిపెట్టకుండా, మధ్యలో కొన్ని వారాలైనా ఎవరికైనా అక్కరకొచ్చే పని చేయాలని ఉంది.

నెట్‌లో వెతికితే తల తిరుగుతోంది. ఒక సైట్ కంబోడియాలో అనాథాశ్రమానికి వెళ్లి రెండు వారాలు పిల్లలకు ఇంగ్లిష్ నేర్పమంటుంది. ఇంకోటి దక్షిణాఫ్రికాలో సింహం పిల్లలకు పాలు పట్టమంటుంది. రెండింటికీ మనమే డబ్బు కట్టాలి, అదీ తక్కువేం కాదు. ఆ ఫొటోల్లో అందరూ నవ్వుతూనే ఉంటారు కాబట్టి వాటిని చూసి ఏదీ తేల్చుకోలేకపోతున్నాను.

నేను డాక్టర్‌ని కాదు, టీచర్‌ని కాదు. అకౌంట్స్ చూస్తాను. ఒళ్లు వంచి పని చేయడానికి వెనకాడను. నాలాంటివాళ్లు నిజంగా కావాల్సిన చోటు ఎక్కడైనా ఉంటుందా? వెళ్లొచ్చినవాళ్లు, అలాంటి సంస్థల్లో పనిచేసినవాళ్లు చెప్తే బాగుంటుంది.

కొండగాలి
ముందే దేశం ఎంచుకోకండి. ఒకే చోట ఎన్నాళ్లు ఉండగలరో మొదట తేల్చుకోండి. మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఏ సంస్థకు రాసినా నేను ఒకటే అడుగుతాను: నేను రాకముందు ఈ పని ఎవరు చేశారు, నేను వెళ్లిపోయాక ఎవరు చేస్తారు? ‘మీ తర్వాత ఇంకో వాలంటీర్ వస్తారు’ అన్నారనుకోండి. కొండదారి బాగుచేసే పనికైతే అది మంచి జవాబు. అమ్మానాన్నలు దగ్గర లేని పిల్లవాణ్ని చూసుకునే పనికైతే అదే జవాబు చాలు, ఆ చోటికి వెళ్లకూడదని తెలియడానికి. మనుషులు మారినా పాడవని పనులు ఉన్నాయి, మనిషి మారితే దెబ్బతినేవీ ఉన్నాయి. తక్కువ రోజులు ఉండేవాళ్లు మొదటి రకం పనులే వెతుక్కోవాలి.

నేను చేసింది దారుల పనే. అమెరికాలో అపలాచియన్ ట్రెయిల్ అని 14 రాష్ట్రాల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్ల నడకదారి ఉంది. దాన్ని బాగుచేసే కొనరాక్ క్రూ అనే బృందం 1983 నుంచీ నడుస్తోంది. తిండి, బస, పనిముట్లు వాళ్లే ఇస్తారు. అడవిలో టెంట్లలో ఉండి పని చేయాలి. ఐస్‌లాండ్‌లో థోర్స్‌మోర్క్ లోయలో కూడా ఇలాంటి వాలంటీర్ల బృందం ఉంది.

పని ఏమిటంటే, దారి పాడయ్యేది ఎక్కువగా నీటి వల్ల. వాన నీళ్లు దారి వెంటే దిగువకు పారితే మట్టి కోసుకుపోయి దారి కాలువలా మారుతుంది. అప్పుడు నడిచేవాళ్లు పక్కన గడ్డి మీద నడుస్తారు. కొన్నాళ్లకు అదీ కోసుకుపోతుంది. అందుకని దారికి అడ్డంగా కాస్త ఏటవాలుగా రాళ్లు పాతి నీళ్లను పక్కకు మళ్లిస్తారు. ఒక్కో రాయిని గునపాలతో నలుగురైదుగురు కలిసి దొర్లించుకుంటూ తెస్తారు. గోతిలో కూర్చోబెట్టాక దాని మీద ఎక్కి ఊగి చూస్తారు. కొంచెం కదిలినా మళ్లీ తీయాల్సిందే. ఇందుకు ముందు అనుభవం అక్కర్లేదు, క్రూ లీడర్ నేర్పిస్తారు. మనం వెళ్లిపోయినా ఆ రాయి అక్కడే ఉంటుంది.

వెన్నెలబాట
నేను ఆగ్నేయాసియాలో ఒక బడిలో రెండు వారాలు ఇంగ్లిష్ చెప్పాను. పిల్లలు ఎంతో సంతోషపడ్డారు, వచ్చేటప్పుడు ఏడ్చారు కూడా. కొంచెం రోజులే కదా అని అసలు వెళ్లొద్దంటే ఎలా? ఏమీ చేయకపోవడం కంటే నయం కదా?

తెరచాప
వెన్నెలబాట గారూ, మీ మనసు మంచిదే, అందులో సందేహం లేదు. అయితే నేను కంబోడియాలో పిల్లల రక్షణ మీద పనిచేసే సంస్థలో కొన్నేళ్లు ఉద్యోగం చేశాను. అక్కడ చూసింది చెప్తాను, కాస్త పెద్దదే అవుతుంది.

2005లో కంబోడియాలో 154 అనాథాశ్రమాలు ఉండేవి. 2010 నాటికి అవి 269 అయ్యాయని యునిసెఫ్ చెప్పింది. ఆ ఐదేళ్లలో దేశంలో అనాథలు పెరిగింది లేదు, పర్యాటకులు పెరిగారు. ఆ ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. పల్లెలకు మనిషిని పంపి, ‘మీ అబ్బాయికి చదువు చెప్పిస్తాం, కడుపు నిండా తిండి పెడతాం’ అని ఒప్పించి తీసుకొస్తారు. పిల్లలు లేకపోతే వాలంటీర్లు రారు, వాలంటీర్లు రాకపోతే డబ్బు రాదు. అన్ని ఆశ్రమాలూ ఇలాంటివే అనడం లేదు. కానీ బయటి నుంచి రెండు వారాలకు వెళ్లినవాళ్లకు ఆ తేడా తెలిసే దారి లేదు.

మేం తనిఖీకి వెళ్లిన ఒక చోట జరిగింది చెప్తాను. గేటు తీయగానే చిన్నపిల్లలు పరుగెత్తుకొచ్చి మా చేతులు పట్టుకున్నారు. ముక్కూమొహం తెలియనివాళ్ల ఒళ్లో వెంటనే ఎక్కి కూర్చున్నారు. చూసేవాళ్లకు అది ప్రేమలా కనిపిస్తుంది. పిల్లల మానసిక నిపుణులకు మాత్రం అది ప్రమాద సూచన, ఎందుకంటే ఇంట్లో నిలకడగా పెరిగిన పిల్లలు కొత్తవాళ్ల దగ్గర మొదట బెరుగ్గా ఉంటారు. గోడ మీద రంగుల పేర్లు ఇంగ్లిష్‌లో రాసున్నాయి. అక్కడి పెద్దమ్మాయి ఒకరు మాతో అన్నది, వచ్చిన ప్రతి బృందమూ రంగుల పాటతోనే మొదలుపెడుతుందని. ఆ అమ్మాయికి ఆ పాట ఏళ్ల తరబడి వచ్చు, వాక్యం రాయడం మాత్రం రాదు.

ఈ సంగతి అంతర్జాతీయంగా కూడా గుర్తించారు. 2017లో ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ ఆధునిక బానిసత్వంపై జరిపిన విచారణలో, ఆశ్రమాలు నింపడానికి పిల్లల్ని తరలించడాన్నీ చేర్చింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ బాలల హక్కుల తీర్మానంలో అనాథాశ్రమాల వాలంటీర్ కార్యక్రమాల వల్ల పిల్లలకు జరిగే హాని ప్రస్తావన ఉంది.

అందుకే మబ్బుదారి గారికి నా మాట: ఆ మొదటి సైట్‌ను వదిలేయండి. పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ అడగకుండా, ఇంటర్వ్యూ చేయకుండా డబ్బు కడితే చాలు పిల్లల దగ్గరకు పంపిస్తామనేవాళ్లు మిమ్మల్ని పంపించినట్టే ఎవరినైనా పంపిస్తారు.

వెన్నెలబాట
నేను వెళ్లింది ఆశ్రమం కాదండీ, ఊరి బడి. అయినా మీరు చెప్పిన రంగుల పాట సంగతి ఆలోచింపజేసింది. బడిలో చెప్పడం కూడా తప్పేనంటారా?

తెరచాప
తప్పు అనను. బడికి టీచర్ ఉంటే, ఆ టీచర్‌తో కలిసి పనిచేస్తే మంచిదే. ఉదాహరణకు అక్కడి ఇంగ్లిష్ టీచర్లకు పుస్తకంలో పాఠం వచ్చు, మాట్లాడే అవకాశం తక్కువ. సాయంత్రం ఆ టీచర్లతో కూర్చుని రోజుకో గంట మాట్లాడితే అది వాళ్లకు తర్వాత ఏళ్ల తరబడి పనికొస్తుంది, వాళ్ల ద్వారా పిల్లలకూ చేరుతుంది. క్లాసు మీ చేతికిచ్చి టీచర్ బయటికి వెళ్లిపోయే పద్ధతి అయితే వద్దు.

నారుమడి
నేను వాలంటీర్లను పిలిచే వైపు నుంచి మాట్లాడతాను. పోర్చుగల్‌లో మాకు చిన్న సేంద్రియ వ్యవసాయ క్షేత్రం ఉంది. వూఫ్ ద్వారా మనుషులు వస్తుంటారు, అది సేంద్రియ పొలాలకూ వాలంటీర్లకూ మధ్య పరిచయం కలిపే ఏర్పాటు. తెలియనివాళ్ల కోసం: 1971లో ఇంగ్లండ్‌లో సూ కాపర్డ్ అనే లండన్ సెక్రటరీ, వారాంతాల్లో ఊరికి వెళ్లి పొలంలో పని చేద్దామని మొదలుపెట్టినది ఇప్పుడు ఎన్నో దేశాల్లో నడుస్తోంది. రోజుకు నాలుగు నుంచి ఆరు గంటల పని, బదులుగా తిండి, బస. డబ్బు ఇచ్చిపుచ్చుకోవడాలు ఉండవు. ఏ దేశానికి వెళ్తే ఆ దేశపు వూఫ్‌లో సభ్యత్వం తీసుకోవాలి.

ఒక మాట సూటిగా చెప్పాలి. మొదటి వారం వాలంటీర్ మాకు సాయం కాదు, మేమే వాళ్లకు పని నేర్పుతాం. టమాటా మొక్క సంగతే తీసుకోండి. కాండానికీ ఆకుకూ మధ్య పిలకలు వస్తాయి, వాటిని గిల్లేయాలి. పూలగెల మాత్రం నేరుగా కాండం నుంచి వస్తుంది, దాన్ని ముట్టుకోకూడదు. మొదటిరోజు అందరికీ రెండూ ఒకేలా కనిపిస్తాయి. పొద్దున్నే మంచు ఆరాక నేను పక్కనే నిలబడి ఒక సాలు మొత్తం చూపిస్తాను. మూడో నాలుగో రోజుకు చేతికి అలవాటవుతుంది. రెండో వారంలో నేను ఇంకో పని చూసుకోవచ్చు. ఐదు రోజులుండి వెళ్లిపోయేవాళ్ల వల్ల మాకు మిగిలేది పక్కబట్టలు ఉతకడమే. మూడు వారాలు ఉండేవాళ్లంటే ప్రాణం లేచొస్తుంది.

రాసేటప్పుడు ‘మీ ప్రాంతం చాలా అందంగా ఉంది, రావచ్చా’ అని రాయకండి. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు ఉంటారు, ఏం చేయగలరు, ఏం తినరు, ఏ అలర్జీలు ఉన్నాయి, నడుం నొప్పిలాంటివి ఉన్నాయా, ఇవి రాయండి. మా ప్రొఫైల్ చదివారని తెలిసేలా ఒక ప్రశ్న అడగండి. మీరూ మమ్మల్ని అడగాలి: ఎక్కడ పడుకోవాలి, గది తలుపుకు గడియ ఉందా, దగ్గరి బస్సు ఎంత దూరం, ఇంతకుముందు వచ్చినవాళ్లతో మాట్లాడొచ్చా. ఈ ప్రశ్నలకు చిరాకుపడే యజమాని దగ్గరకు వెళ్లకండి. ఆడపిల్లలు ఒంటరిగా వస్తుంటే ఇది మరీ ముఖ్యం.

రాత్రిబండి
తిండి, బసకు బదులుగా పని చూపించే వర్క్‌అవే లాంటి సైట్లు కూడా ఉన్నాయి. వాటిలో వారానికి ఇరవై ఐదు గంటల పని అనేది మామూలు లెక్క. కాకపోతే వాటిలో పర్యాటకులు చవగ్గా బస చేసే హాస్టళ్లు ఎక్కువ. రిసెప్షన్‌లో కూర్చోవడం, పక్కలు సర్దడం, బార్‌లో గ్లాసులు అందించడం, ఇదంతా జీతమిచ్చి స్థానికుల చేత చేయించాల్సిన పని. లాభం కోసం నడిచే హాస్టల్‌లో ఉచితంగా పనిచేస్తే అక్కడ ఎవరో ఒకరి ఉద్యోగం పోయినట్టే. చవగ్గా తిరగడానికి అది మార్గమే కావచ్చు, సేవ అని మాత్రం అనలేం.

ఇక ఎవరూ వీసా సంగతి ఎత్తలేదు. జీతం లేదు కదా, టూరిస్ట్ వీసా చాలు అనుకుంటారు. చాలా దేశాల్లో అది నిజం కాదు.

న్యూజిలాండ్‌లో తిండి, బస బదులుగా పనిచేసినా అది పనే. దానికి వర్క్ వీసా ఉండాలి. బ్రిటన్ విజిటర్ వీసా మీద వాలంటీర్ పని చేయొచ్చు, కానీ రిజిస్టరైన చారిటీలోనే, మొత్తం 30 రోజులకు మించకుండా, అదీ ప్రయాణానికి అదే అసలు కారణం కాకూడదు. అంతకంటే ఎక్కువ కాలం అయితే చారిటీ వర్కర్ వీసా వేరే ఉంది. థాయ్‌లాండ్‌లో స్వచ్ఛంద సేవ కోసం నాన్ ఇమిగ్రెంట్ ‘ఓ’ వీసా ఉంది. దానికి కావాల్సిన కాగితాలు మీరు వెళ్లే సంస్థే ఇవ్వాలి. షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులే ఉండనిస్తారు. ఆ 90లో వాలంటీర్ పనికి అనుమతి ఉందా లేదా అన్నది ఒక్కో దేశం ఒక్కోలా చూస్తుంది. ఆ దేశపు ఎంబసీకి ఈమెయిల్ రాసి జవాబు దగ్గర పెట్టుకోండి.

‘ఇమిగ్రేషన్‌లో అడిగితే చూడ్డానికి వచ్చానని చెప్పండి’ అని ఏ సంస్థ అయినా సలహా ఇస్తే అక్కడికక్కడే వదిలేయండి. పట్టుబడితే తిప్పి పంపేది మిమ్మల్ని, వాళ్లను కాదు. తర్వాత ప్రతి వీసా ఫారంలోనూ ఆ సంగతి రాయాల్సి వస్తుంది.

సముద్రగాలి
జంతువుల సంగతి నేను చెప్తాను. సింహం పిల్లలకు పాలు పట్టే చోటికి దయచేసి వెళ్లకండి. పాలు పట్టడానికి పిల్లలు ఎప్పుడూ ఉండాలంటే పుట్టిన కొద్ది రోజులకే తల్లి దగ్గర నుంచి లాక్కోవాలి. తల్లి మళ్లీ త్వరగా ఈనుతుంది. ఆ పిల్లలు పెద్దయ్యాక ముట్టుకోవడానికి పనికిరావు, అడవిలో బతకడమూ రాదు. దక్షిణాఫ్రికాలో అలా పెరిగిన సింహాలు కంచె లోపల వేటగాళ్లకు అమ్ముడుపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. అడవి జంతువును ముట్టుకోనిస్తామని ఆశ పెట్టే చోటు సంరక్షణ కేంద్రం కాదు. ఏనుగులకు స్నానం చేయించడం, కోతిపిల్లల్ని ఎత్తుకోవడం, అన్నిటికీ ఇదే వర్తిస్తుంది.

మంచి పని కావాలంటే సముద్ర తాబేళ్ల దగ్గర ఉంది. గ్రీస్‌లో ఆర్కెలాన్ అనే సంస్థ 1983 నుంచి పనిచేస్తోంది. జాకింథోస్, క్రీట్, పెలొపొనీస్ తీరాల్లో లాగర్‌హెడ్ తాబేళ్లు గూళ్లు పెడతాయి. వారం రోజులకని వస్తామంటే వాళ్లు ఒప్పుకోరు. టెంట్లలో ఉండాలి, ఖర్చుకు కొంత రుసుం కూడా కట్టాలి. కోస్టారికాలో టోర్టుగెరో తీరంలో సీ టర్టిల్ కన్సర్వెన్సీ ఇంకా పాతది, 1959లో మొదలైంది.

నేను వేసవంతా ఒక తీరంలో తెల్లవారుజాము సర్వేల్లో ఉన్నాను. ఎండ ఎక్కకముందే బయల్దేరి ఇసుకలో జాడలు చూస్తూ నడుస్తాం. తాబేలు సముద్రంలోంచి వచ్చిన జాడ ఒకటి, తిరిగి వెళ్లిన జాడ ఒకటి. రెండూ కలిసే చోట ఇసుక చిందరవందరగా ఉంటే అక్కడ గూడు ఉండొచ్చు. చేత్తోనే, గోళ్లు తగలకుండా మెల్లగా తవ్వాలి. మొదటి గుడ్డు పైభాగం తెల్లగా కనబడగానే ఆపేయాలి. లోపల వంద దాకా ఉంటాయి. గుడ్లను దొర్లించకూడదు, లోపల పెరిగే పిండం చనిపోతుంది. ఇసుక కప్పేసి, నక్కలు తవ్వకుండా పైన వల బిగించి, నంబరు వేసి, పుస్తకంలో ఎక్కిస్తాం. అంతే పని. తాబేలు కనబడని రోజులే ఎక్కువ. పగలు బీచ్ దగ్గర కియోస్క్‌లో నిలబడి, రాత్రి తీరం వైపు దీపాలు ఎందుకు వేయకూడదో పర్యాటకులకు చెప్పడం ఇంకో సగం పని. గూట్లోంచి వచ్చిన పిల్లలు వెలుగున్న వైపు పోతాయి. చీకటి తీరంలో అయితే ఆ వెలుగు సముద్రం మీదిదే. హోటల్ దీపాలుంటే రోడ్డు మీదికి పోతాయి.

ఎవరైనా వీధికుక్కల షెల్టర్లకు వెళ్తుంటే రేబీస్ టీకా ముందే వేయించుకోండి. కరిచాక మళ్లీ డోసులు ఎలాగూ కావాలి, కానీ ముందు టీకా ఉంటే ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే ప్రతిరక్షకాల ఇంజెక్షన్) అక్కర్లేదు. మారుమూల చోట్ల దొరకనిది అదే.

మబ్బుదారి
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ చాలా థాంక్స్. ఆ రెండు సైట్లూ మూసేశాను. ఒక సందేహం. సముద్రగాలి గారు రుసుం కట్టాలన్నారు. నారుమడి గారి దగ్గర ఏమీ కట్టక్కర్లేదు. మనమే పనిచేస్తూ డబ్బు కట్టడం ఎప్పుడు న్యాయం, ఎప్పుడు మోసం?

పాతకోట
డబ్బు అడిగారని మోసం కాదు, అడగలేదని మంచిదీ కాదు. డబ్బు ఎక్కడికి వెళ్తుందో అడగండి. తిండికి ఎంత, బసకు ఎంత, శిక్షణ ఇచ్చేవాళ్ల జీతాలకు ఎంత, మధ్యలో ఏజెన్సీకి ఎంత? చెప్పగలిగినవాళ్లు చెప్తారు. కంపెనీ ద్వారా వెళ్లబోతుంటే, చివరికి మీరు పనిచేసే చోటి పేరు కనుక్కుని నేరుగా వాళ్లకే రాసి చూడండి. ‘ఆ కంపెనీ మాకేమీ ఇవ్వదు’ అన్న జవాబు నాకు ఒకసారి వచ్చింది.

నాకు తవ్వకాలంటే ఇష్టం. ఇంగ్లండ్‌లో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ దగ్గర విండోలాండా అనే రోమన్ కోట ఉంది. 1973లో సిరాతో రాసిన చెక్క పలకలు దొరికింది అక్కడే. ఏటా వేసవిలో వాలంటీర్ల చేత తవ్విస్తారు, రుసుం ఉంటుంది, అయినా చోట్లు చాలా త్వరగా నిండిపోతాయి. అక్కడ మీ పక్కనే పురావస్తు నిపుణులు ఉంటారు, మీరు తీసిన ప్రతి పెంకూ ఏ పొర నుంచి వచ్చిందో రాసుకుంటారు. ఆ పర్యవేక్షణకు అయ్యే ఖర్చులో మనం భాగం పంచుకుంటున్నాం. నాకది న్యాయంగానే అనిపిస్తుంది.

తక్కువ ఖర్చులో అయితే వర్క్‌క్యాంపులు చూడండి. సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1920లో మొదలైంది. స్విట్జర్లాండ్‌కు చెందిన పియేర్ సెరెజోల్, వెర్డన్ దగ్గర యుద్ధంలో నేలమట్టమైన ఎన్ పల్లెను మళ్లీ కట్టడానికి వేర్వేరు దేశాలవాళ్లను పోగుచేశారు. నిన్నటిదాకా శత్రువులుగా ఉన్న జర్మన్లు కూడా ఫ్రెంచి పల్లెకు వచ్చి పనిచేశారు. ఇప్పుడూ రెండు మూడు వారాల క్యాంపులు నడుస్తాయి, పది పదిహేను మంది కలిసి ఉండి, వండుకుని తిని, ఊరివాళ్లు అడిగిన పని చేస్తారు. చిన్న రుసుం, ప్రయాణ ఖర్చులు మనవి, తిండి బస వాళ్లవి. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇంతకంటే మంచిది నాకు తెలియదు.

శనివారం
నాకు ఎప్పుడూ వారం, పది రోజుల సెలవే దొరుకుతుంది. నాలాంటివాళ్లు కూడా ఉంటారు కాబట్టి చెప్తున్నా. పార్క్‌రన్ అని 2004లో లండన్ బుషీ పార్క్‌లో మొదలైంది, ఇప్పుడు చాలా దేశాల్లో ప్రతి శనివారం పొద్దున్నే 5 కిలోమీటర్ల పరుగు, నడక జరుగుతుంది. ఉచితం. మొత్తం నడిపేది వాలంటీర్లే. ఒకసారి నమోదు చేసుకుంటే ఏ ఊళ్లోనైనా పనికొస్తుంది. ముందురోజుల్లో ఆ ఊరి బృందానికి ఈమెయిల్ పెడితే మలుపు దగ్గర నిలబడి దారి చూపడమో, బార్‌కోడ్లు స్కాన్ చేయడమో, అందరికంటే వెనక నడిచేవాళ్లతో నడవడమో ఇస్తారు. ఆ పని ఒక్క పూటలో అయిపోతుంది. ఒక్కోసారి మనుషులు చాలక ఆ వారం రద్దు చేయాల్సి వస్తుంది కాబట్టి ఒక్కరు వచ్చినా నిజంగానే సాయం.

స్పెయిన్‌లో కమీనో అనే తీర్థయాత్ర నడకదారి నడిచినవాళ్లు ఉంటే, ఆ దారిలో యాత్రికుల బసల్ని వాలంటీర్లు నడుపుతారు, హాస్పిటలేరో అంటారు. సాధారణంగా పదిహేను రోజుల వంతు. తాము నడిచి ఉండాలి, శిక్షణా తీసుకోవాలి. బొబ్బలెక్కిన కాళ్లతో వచ్చినవాళ్లకు ఏం కావాలో నడిచినవాళ్లకే తెలుస్తుంది కాబట్టి ఆ నియమం సబబే.

రాత్రిబండి
విపశ్యన ధ్యాన కేంద్రాలు కూడా అంతే. పది రోజుల కోర్సు పూర్తిచేసినవాళ్లనే వంటింట్లో సేవకు తీసుకుంటారు. చాలా దేశాల్లో ఉన్నాయి.

జమాఖర్చు
మబ్బుదారి గారూ, మీరు అకౌంట్స్ తెలుసని రాసి, వెంటనే దాన్ని పక్కన పెట్టేశారు. మీ దగ్గర ఉన్న అసలు విలువైనది అదే. నేను చిన్న చిన్న స్వచ్ఛంద సంస్థలకు ఆడిట్ చేసేవాణ్ని కాబట్టి ధైర్యంగా చెప్తున్నా, ఇటుకలు మోసేవాళ్లు దొరుకుతారు, లెక్కలు సరిచేసేవాళ్లు దొరకరు.

ఒక సంస్థ ఉంటుంది. పని అద్భుతంగా చేస్తారు. ముగ్గురు దాతలు డబ్బిస్తారు, ముగ్గురికీ వేర్వేరు ఫార్మాట్‌లో నివేదిక కావాలి. రసీదులన్నీ ఒక అట్టపెట్టెలో ఉంటాయి. జీపు డీజిల్ ఏ దాత పద్దులో రాయాలో ఎవరికీ తెలియదు. నివేదిక ఆలస్యమవుతుంది, తర్వాతి వాయిదా ఆగిపోతుంది, ఫీల్డ్‌లో పనిచేసేవాళ్లకు రెండు నెలలు జీతం అందదు. మీరు వెళ్లి నాలుగు వారాలు కూర్చుని, ప్రతి రసీదుకూ దాత కోడ్ వేసే పద్ధతి పెట్టి, నెలాఖరున పుస్తకం లెక్కను బ్యాంకు లెక్కతో సరిపోల్చడం అక్కడి ఉద్యోగికి నేర్పి రండి. మీరే అన్నీ చేసేయకండి. ఆ ఉద్యోగి కుర్చీలో కూర్చోవాలి, మీరు పక్కన కూర్చోవాలి. కొత్త సాఫ్ట్‌వేర్ జోలికి పోకండి, వాళ్లకు వచ్చిన ఎక్సెల్‌లోనే చేయండి. మీరు వెళ్లాక అది పాడైతే ఎవరూ బాగుచేయలేరు.

బయల్దేరకముందే మొదలుపెట్టొచ్చు కూడా. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల సంస్థ 2000 నుంచి ఆన్‌లైన్ వాలంటీర్ సేవ నడుపుతోంది. ఇంట్లో కూర్చుని చేసే పనులు అందులో ఉంటాయి. మీతో కొన్ని వారాలు దూరం నుంచి పనిచేసిన సంస్థకు మీ సంగతి తెలుస్తుంది, వాళ్ల సంగతి మీకు తెలుస్తుంది. ఆ తర్వాత టికెట్ కొనుక్కోవచ్చు.

పాతకోట
దూరం నుంచి చేసే పని అంటే మ్యాపులు కూడా. 2010 హైతీ భూకంపం తర్వాత ఎక్కడెక్కడివాళ్లో ఉపగ్రహ చిత్రాలు చూసి రోడ్లు, ఇళ్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే, ఎవరైనా దిద్దగలిగే ఉచిత ఆన్‌లైన్ మ్యాపులో గీశారు. సహాయ బృందాలు ఆ మ్యాపుల్నే వాడుకున్నాయి. ఇలాంటి మ్యాపులు గీయడానికే 2014లో మొదలైన మిస్సింగ్ మ్యాప్స్‌లో ఇప్పటికీ ఎవరైనా చేరొచ్చు.

వెన్నెలబాట
నేను వెళ్లిన దేశంలో వరదలు వస్తే వెంటనే వెళ్లి సాయం చేయాలనిపిస్తుంది. దాని గురించి ఎవరైనా చెప్తారా?

కొండగాలి
మొదటి వారాల్లో పిలవకుండా వెళ్లొద్దు. అప్పుడు మంచినీళ్లు, పడక, బండి అన్నీ కరువే, మనం వాటికి పోటీ అవుతాం. కెమెరాలు వెళ్లిపోయాక పని మొదలవుతుంది. ఆల్ హ్యాండ్స్ అండ్ హార్ట్స్ అనే సంస్థ 2015 భూకంపం తర్వాత నేపాల్‌లో బడులు కట్టే పని ఏళ్లపాటు చేసింది. వాలంటీర్లకు తిండి, బస వాళ్లే ఇస్తారు. అప్పటికి అక్కడ వంటవాళ్లు, ఇంజనీర్లు, పని జాబితా అన్నీ సిద్ధంగా ఉంటాయి. వెళ్లినరోజే మీ చేతికి పార వస్తుంది.

మబ్బుదారి
అప్‌డేట్ ఇస్తున్నాను. యూరప్‌లో ఒక వర్క్‌క్యాంపుకు దరఖాస్తు పెట్టాను. ఆగ్నేయాసియాలో మూడు సంస్థలకు లెక్కల పని గురించి రాశాను. జమాఖర్చు గారు చెప్పినట్టు ఏం చేయగలనో, ఎన్ని వారాలు ఉంటానో, ఎవరికి నేర్పాలో అడుగుతూ.

ఒకరు రెండు గంటల్లోనే జవాబిచ్చారు, ‘ఎప్పుడైనా రండి’ అని, కింద రుసుం కట్టే లింకు. ఒకరి దగ్గర నుంచి ఇంకా ఏమీ రాలేదు. మూడో సంస్థ పది రోజుల తర్వాత పెద్ద ఈమెయిల్ రాసింది. నా రెజ్యూమె, ఇద్దరి రిఫరెన్సులు అడిగారు. జూలైలో వద్దు, అప్పుడు వాళ్ల అకౌంటెంట్ సెలవులో ఉంటారట, ఆవిడ లేకుండా నేను వచ్చి ప్రయోజనం లేదన్నారు. ఆగస్టు చివర్లో ఆరు వారాలు ఉండగలరా అని అడిగారు. వీసా కాగితాలు వాళ్లే పంపుతారట, వాటికి నెల పడుతుందట. మొదట వీడియో కాల్ అన్నారు.

ఆరు వారాలంటే నేను అనుకున్న ఊళ్లలో సగం వదులుకోవాలి. ఏమంటారు?

జమాఖర్చు
వదులుకోండి. ‘మా అకౌంటెంట్ లేకుండా మీరు వచ్చి లాభం లేదు’ అన్నారంటే, వాళ్లకు కావలసింది మీ ద్వారా ఆవిడకు వచ్చే నేర్పు. అలా అడిగే సంస్థలు అరుదు. వీడియో కాల్‌లో ఆవిడ కూడా ఉండేలా చూడమనండి. పోయిన ఏడాది దాత నివేదిక ఒకటి ముందే పంపమని అడగండి, పేర్లు తీసేసి అయినా సరే.

రాత్రిబండి
కాగితాలు చేతికొచ్చి వీసా పడేదాకా విమానం టికెట్ కొనొద్దు. ఇన్సూరెన్స్ పాలసీలో వాలంటీర్ పని కవర్ అవుతుందో లేదో చదవండి. చాలా ట్రావెల్ పాలసీలు శారీరక శ్రమ, ఎత్తుల మీద పని మినహాయిస్తాయి. లెక్కల పనికి పర్లేదు కానీ ముందు వర్క్‌క్యాంపు ఉంది కదా, అక్కడ నిచ్చెన ఎక్కాల్సి రావచ్చు. పాలసీవాళ్లను రాతపూర్వకంగా అడగండి.

నారుమడి
మధ్యలో ఖాళీ ఉంటే జూలైలో మా దగ్గర టమాటా కోతలే. వీసా సంగతి ముందు తేల్చుకుని వూఫ్ పోర్చుగల్ ద్వారా రాయండి, మూడు వారాలైతేనే. గదికి గడియ ఉంది, బస్సు ఊళ్లో ఆగుతుంది, అక్కడి నుంచి నేనొచ్చి తీసుకెళ్తాను.